పుటల్లో ముసుగు, తెరపై ముఖం

ప్రసిద్ధి పొందిన నవల ఏదైనా చలనచిత్రంగా వచ్చినప్పుడు ప్రేక్షకులు రెండు వర్గాలుగా చీలిపోవడం పరిపాటి. నవల చదివి చిత్రం చూసినవారు "పుస్తకంలోని సొగసు సినిమాలో ఎక్కడిది?" అని పెదవి విరుస్తారు. చదవకుండా చూసినవారు "ఇంతకంటే ఏం కావాలి?" అని తృప్తి పడతారు. సాంఘిక నవలల విషయంలో ఈ వివాదం పాత్రపోషణ దగ్గరో, ముగింపు దగ్గరో ఆగిపోతుంది. గూఢచారి నవలలు, అపరాధ పరిశోధక నవలల విషయంలో మాత్రం చిక్కు మరింత లోతైనది. ఇటువంటి నవలకు ప్రాణం ఒక రహస్యం. ఆ రహస్యాన్ని ఎవరు ఎరుగుదురు, ఎవరు ఎరుగరు, ఏ ఘట్టంలో ఎరుగుదురు అన్న ఏర్పాటు మీదనే కథంతా నిలబడి ఉంటుంది. అక్షరాలతో కట్టిన ఆ ఏర్పాటును బొమ్మలలోకి మార్చినప్పుడు అది నిలుస్తుందా, కూలుతుందా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశం.

ఇందుకు మనం నివసిస్తున్న కోల్‌కతా నగరం కంటే తగిన చోటు మరొకటి లేదు. ఇక్కడ అపరాధ పరిశోధక కథలను పిల్లల కాలక్షేపమని ఎవరూ తేలికగా చూడరు. తాతలు, తండ్రులు, మనుమలు ఒకే పుస్తకాన్ని వంతులవారీగా చదువుకునే సంప్రదాయం ఈ నగరంలో ఉంది. బెంగాలీలో 'గోయెందా' అనే మాట గూఢచారికీ, అపరాధ పరిశోధకుడికీ సమానంగా వర్తించడం కూడా గమనార్హం. మారువేషంలో తిరిగి సమాచారం సేకరించేవాడు, సాక్ష్యాలను బట్టి సత్యం తేల్చేవాడు ఇద్దరూ ఆ ఒక్క మాటలోనే ఒదిగిపోతారు.

తెలుగువారికీ ఈ సాహిత్యంతో పరిచయం కొత్తది కాదు. పాంచ్‌కడీ దే రచించిన బెంగాలీ నవలలు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోకి వెళ్లాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరం పాఠకులకు ఇంటి మనుషులంతటి ఆప్తులు. ఆరుద్ర వంటి మహాకవి సైతం ఈ ప్రక్రియలో చేయి తిరిగినవారే. 1966లో విడుదలైన 'గూఢచారి 116'తో కృష్ణ తెలుగుతెరకు గూఢచారి కథానాయకుడయ్యారు. కనుక ఈ చర్చ మన పాఠకులకు పరాయిది కాదు.

ముందుగా ఒక మనవి. ఇక్కడ ప్రస్తావించే కథల రహస్యాలను కొంతవరకు విప్పి చెప్పక తప్పదు. తామే చదివి తెలుసుకోవాలనే ఉత్సాహం ఉన్నవారు ముందు పుస్తకాన్ని పూర్తి చేసి, ఆపైన ఈ పుటకు రావడం మంచిది.

అక్షరానికి గల సౌలభ్యం

నవలాకారుడికి ఉన్న గొప్ప సౌలభ్యం కథకుడు. ఒక పాత్ర "నేను" అని కథ చెప్పడం మొదలుపెట్టగానే పాఠకుని చూపు ఆ పాత్ర చూపుకు కట్టుబడిపోతుంది. కథకుడు చూసినదే మనం చూస్తాము, అతడు నమ్మినవారినే మనం నమ్ముతాము. ఒక పెద్దమనిషిని రచయిత "ఆయన" అన్న ఒక్క మాటతో ప్రవేశపెట్టి, ఆ మనిషి అసలు స్వరూపాన్ని రెండు వందల పుటల పాటు దాచి ఉంచగలడు. అక్షరానికి ముఖం లేదు. ఒకే మనిషి రెండు పేర్లతో రెండు చోట్ల కనిపించినా పాఠకుడు పోల్చుకోలేడు.

చిత్రానికి ఈ వెసులుబాటు లేదు. తెర మీదికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక ముఖం, ఒక గొంతు, ఒక నడక ఉంటాయి. ఎంత గడ్డం అతికించినా ప్రేక్షకుడు ఆ నటుణ్ణి ఇట్టే గుర్తుపడతాడు. పైగా ప్రసిద్ధ నటుణ్ణి చిన్న వేషంలో చూడగానే "ఈయన ఊరకే రాలేదు, నేరం ఈయనదే అయి ఉంటుంది" అని వెనుక వరుసలో కూర్చున్న బాలుడు కూడా చెప్పేస్తాడు. ఇది దర్శకుని అసమర్థత కాదు, మాధ్యమం స్వభావమే అంత.

ఈ స్వభావాన్ని లోతుగా అర్థం చేసుకున్నవాడు ఆంగ్ల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన తరచు చెప్పిన ఉదాహరణ ఒకటి సుప్రసిద్ధం. బల్ల చుట్టూ కూర్చుని కొందరు మాట్లాడుకుంటూ ఉండగా బల్ల కింద హఠాత్తుగా బాంబు పేలితే ప్రేక్షకుడు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతాడు. అదే బాంబును ప్రేక్షకునికి ముందే చూపించి, బల్ల చుట్టూ ఉన్నవారికి మాత్రం తెలియనీయకపోతే, వారి సాధారణ సంభాషణ సాగినంతసేపూ ప్రేక్షకుడు ఊపిరి బిగపట్టి కూర్చుంటాడు. మొదటిది ఆశ్చర్యం, రెండవది ఉత్కంఠ. నవల మొదటిదానిని సులువుగా సాధిస్తుంది. చిత్రానికి రెండవదే సహజమైన బలం.

39 మెట్లు

ఈ తేడాకు గూఢచారి సాహిత్యంలో అందమైన నిదర్శనం జాన్ బుకన్ 1915లో ప్రకటించిన 'ది థర్టీనైన్ స్టెప్స్' నవల, దాని ఆధారంగా హిచ్‌కాక్ 1935లో తీసిన చిత్రం. కథానాయకుడు రిచర్డ్ హానే నవలలో గనుల ఇంజనీరు. ఆఫ్రికాలో పని ముగించుకుని లండన్‌కు వచ్చి, ఏమీ తోచక కాలం గడుపుతూ ఉండగా, అతని ఇంట తలదాచుకున్న ఒక వ్యక్తి హత్యకు గురి అవుతాడు. నేరం తన మీద పడుతుందన్న భయంతో హానే స్కాట్లండ్ కొండలలోకి పారిపోతాడు. ఒకవైపు పోలీసులు, మరొకవైపు శత్రుదేశపు గూఢచారులు వెంటాడుతూ ఉంటారు.

నవలలో 39 మెట్లు నిజమైన మెట్లే. ఇంగ్లండ్ సముద్రతీరాన ఒక ఇంటి నుండి నీటివరకు దిగే సోపానాలవి. మెట్ల సంఖ్యనూ, సముద్రపు పోటు వేళనూ కలిపి లెక్కించి హానే ఆ చోటును కనుగొంటాడు. చివరి ఘట్టంలో గూఢచారులు ముగ్గురూ మర్యాదస్తులైన ఆంగ్లేయులవలె పేకాట ఆడుతూ కనిపిస్తారు. హానేకు తన మీద తనకే సందేహం కలుగుతుంది. అమాయకులను పట్టుకున్నానేమోనని వెనుకంజ వేయబోతాడు. అంతలో వారిలో ఒకడు అలవాటుగా మోకాలి మీద వేళ్లతో తట్టడం చూసి, తాను లోగడ ఎదుర్కొన్న శత్రువును గుర్తిస్తాడు. ఆ సందేహాన్ని బుకన్ పుటల కొద్దీ సాగదీశాడు. అది అక్షరాలలోనే సాధ్యం. తెరపై ఆ నటుని ముఖం కనిపించిన మరుక్షణం సందేహానికి తావుండదు.

హిచ్‌కాక్ ఆ ఘట్టాన్ని యథాతథంగా తీయడానికి ప్రయత్నించలేదు. చిత్రంలో శత్రువుకు ఒక చిటికెన వేలి కొస ఉండదు. స్కాట్లండ్‌లో ఒక గౌరవనీయుడైన ఆచార్యుని ఇంట ఆశ్రయం దొరికిందని హానే సంతోషించి, తాను వెతుకుతున్న మనిషి ఆనవాలు చెప్పబోతాడు. ఆ పెద్దమనిషి మెల్లగా తన రెండవ చేతిని పైకెత్తి చూపుతాడు. వేలి కొస లేదు. మాటలు అక్కరలేని భయమది. నవలలోని వేళ్ల తట్టుడు మనస్సులో పనిచేస్తే, చిత్రంలోని తెగిన వేలు కంటిలో పనిచేస్తుంది.

మరొక మార్పు ఇంకా ముచ్చటైనది. నవలలో ఒక గూఢచారి నౌకాదళ ప్రధానాధికారి వేషంలో రహస్య సమావేశానికి వచ్చి, యుద్ధనౌకల మోహరింపు వివరాలను జ్ఞాపకంలో పెట్టుకుని వెళ్లిపోతాడు. చిత్రంలో ఈ పనిని రంగస్థలంపై జ్ఞాపకశక్తి ప్రదర్శనలిచ్చే 'మిస్టర్ మెమరీ' అనే పాత్రకు అప్పగించారు. శబ్దం చేయని విమాన యంత్రం తాలూకు రహస్య సూత్రాన్ని అతడు కంఠస్థం చేసి ఉంటాడు. 39 మెట్లు చిత్రంలో మెట్లు కావు, ఒక గూఢచారి సంస్థ పేరు. నిండు సభలో "39 మెట్లు అంటే ఏమిటి?" అని హానే అడిగినప్పుడు, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పడమే వృత్తిధర్మంగా బ్రతికిన ఆ మనిషి చెప్పకుండా ఉండలేక నోరు విప్పి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. మూలంలోని భావం, అంటే కాగితం మీద లేని రహస్యం మనిషి బుర్రలో ప్రయాణం చేయడం, చిత్రంలో చెక్కుచెదరలేదు. దానిని మోసే పాత్ర మాత్రం మారింది. విశ్వాసపాత్రమైన అనుసరణ అంటే ఇదేనని అంగీకరించక తప్పదు.

'చిడియాఖానా' నేర్పిన పాఠం

ఇక మన నగరానికి వద్దాం. శరదిందు బంద్యోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షీ బెంగాలీ పాఠకుల హృదయాలలో స్థిరనివాసం ఏర్పరచుకున్న పరిశోధకుడు. తనను 'డిటెక్టివ్' అని పిలవడం ఆయనకు నచ్చదు. 'సత్యాన్వేషి' అన్న బిరుదే ఆయనకు ఇష్టం. ఆ పరంపరలోని 'చిడియాఖానా' నవలను సత్యజిత్ రే 1967లో చలనచిత్రంగా రూపొందించారు. బ్యోమకేశ్ పాత్రను ఉత్తమ్ కుమార్ ధరించారు. పదవీ విరమణ చేసిన ఒక న్యాయమూర్తి నగరం వెలుపల 'గోలాప్ కాలనీ' పేరిట ఒక తోటను పెంచుతూ, సమాజం వెలివేసిన రకరకాల మనుషులకు అక్కడ ఆశ్రయం కల్పిస్తాడు. ఆ కాలనీలోనే నేరం జరుగుతుంది.

ఈ చిత్రానికి రేకు ఉత్తమ దర్శకునిగా జాతీయ పురస్కారం లభించింది. అదే సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ్ కుమార్ ఈ చిత్రానికీ, 'ఆంటొనీ ఫిరింగీ'కీ కలిపి ఉత్తమ నటుడయ్యారు. అయినప్పటికీ రేకు ఈ చిత్రం పట్ల సంతృప్తి కలగలేదన్నది విదితమే. మొదట ఆయన సహాయకులు తలపెట్టిన ఈ చిత్రం తరువాత ఆయన చేతికి వచ్చింది. బ్యోమకేశ్ ఇంట ఒక పామును పెంచడం, కాలనీని పరిశీలించడానికి అతడు జపాను ఉద్యానశాస్త్రవేత్త వేషంలో వెళ్లడం వంటి సరదా కల్పనలను ఆయన చేర్చారు. అయినా చిక్కు చిక్కుగానే మిగిలింది. నేరస్థుడెవరో చివరిదాకా దాచి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, పరిశోధకుడు సుదీర్ఘంగా వివరించే పద్ధతి పుస్తకంలో రసవత్తరంగా ఉంటుంది. పాఠకుడు వెనుకటి పుటలు తిరగేసి సరిచూసుకోగలడు. తెరపై అదే ఘట్టం ఒక ఉపన్యాసంగా మారిపోతుంది. కెమెరాకు అక్కడ చూపడానికి ఏమీ ఉండదు.

ఇంజనీరింగు చరిత్రలో ఇటువంటిదే ఒక ఉదంతం గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులో సెవర్న్ నది మీద 1779లో పోత ఇనుముతో వంతెన నిర్మించారు. ఆ స్థాయిలో ఇనుముతో వంతెన కట్టడం ప్రపంచంలో అదే తొలిసారి. అంతవరకు కట్టినవన్నీ కొయ్య వంతెనలు, రాతి వంతెనలే గనుక, ఆ ఇనుప భాగాలను కూడా వడ్రంగి చెక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి బిగించే పద్ధతిలోనే కలిపారు. వంతెన నిలిచింది. ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ ఇనుముకు తగిన అతుకు అది కాదు. ఆ తరువాతి తరాలవారు ఇనుము గుణాన్ని, ఉక్కు గుణాన్ని తెలుసుకుని, దానికి తగిన అతుకును కనిపెట్టారు. 1943లో తెరిచిన మన హౌరా వంతెన నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతో నిలిచిన ఉక్కు కట్టడం. 'చిడియాఖానా'లో రే చేసినది కొయ్య అతుకుతో ఇనుప వంతెన కట్టడం వంటిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏడేళ్ల తరువాత ఆయన ఉక్కుకు తగిన అతుకును కనుగొన్నారు.

తన నవలను తానే మార్చుకున్న రచయిత

ఫెలూదా అన్న ముద్దుపేరుగల ప్రదోష్ చంద్ర మిత్రను సత్యజిత్ రే 1965లో 'సందేశ్' పిల్లల పత్రికలో పరిచయం చేశారు. తాత ఉపేంద్రకిశోర్ 1913లో స్థాపించి, మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికను రే 1961లో పునరుద్ధరించారు. ఫెలూదా కథలను చెప్పేది అతని తమ్ముడి వరుస అయిన తోప్సే అనే బాలుడు. ఆ వరుసలో 1971లో 'దేశ్' పత్రిక శారదీయ సంచికలో వెలువడిన నవల 'సోనార్ కెల్లా', అంటే బంగారు కోట. 1974లో రే దానిని స్వయంగా చిత్రంగా తీశారు. నిర్మాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. ప్రజాధనంతో 'పథేర్ పాంచాలి' తరువాత వెలువడిన మరొక రత్నమిది. ప్రభుత్వరంగంలో పనిచేసే మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం కూడాను.

నవల రాసినవారు, చిత్రానువాదం రాసినవారు, సంగీతం కూర్చినవారు, దర్శకత్వం వహించినవారు ఒక్కరే. కనుక "సినిమావాళ్లు నవలను పాడుచేశారు" అన్న సాధారణ ఆక్షేపణకు ఇక్కడ తావు లేదు. ఇక్కడ మార్పు జరిగిందంటే రచయిత తెలిసి చేసినదే. అందుకే మన పరిశీలనకు ఇంతకంటే మేలైన ఉదాహరణ దొరకదు.

కథ క్లుప్తంగా ఇది. కోల్‌కతాలో పుస్తకాల వ్యాపారి కుమారుడైన ముకుల్ అనే చిన్న బాలుడు తనకు పూర్వజన్మ స్మృతి ఉందన్నట్లు బంగారు కోటను గురించీ, తన ఇంట దాచిన విలువైన రాళ్లను గురించీ మాట్లాడుతూ ఉంటాడు. అతీంద్రియ విషయాలను పరిశోధించే డాక్టర్ హేమాంగ హాజ్రా ఆ కోటను వెతుకుతూ బాలుణ్ణి రాజస్థాన్‌కు తీసుకుపోతాడు. వార్త పత్రికలకెక్కుతుంది. నిధి మీద ఆశపడిన దుండగులు ముకుల్ అనుకుని మరొక పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, పొరపాటు గ్రహించి వదిలివేస్తారు. భయపడిన తండ్రి ఫెలూదాను ఆశ్రయిస్తాడు. ఫెలూదా, తోప్సే రాజస్థాన్ బయలుదేరుతారు. దారిలో సాహస నవలల రచయిత, 'జటాయు' అనే కలంపేరుగల లాల్‌మోహన్ గంగూలీ వారికి తోడవుతాడు.

నవలలో జరిగేదేమిటి? జోధ్‌పూర్ సర్క్యూట్ హౌస్‌లో వారికి డాక్టర్ హాజ్రా, ముకుల్ కనిపిస్తారు. తోప్సే ఆయనను డాక్టరుగానే చూస్తాడు, కనుక మనమూ అలాగే చూస్తాము. చదువుకున్న మనిషి, మృదువుగా మాట్లాడే మనిషి, పిల్లవాడి చేయి పట్టుకుని నడిపించే మనిషి. ప్రమాదం ఎటునుంచి వస్తుందోనని బయటి మనుషులవైపు చూస్తూ ఉంటాము. పిల్లవాడి చేయి పట్టుకున్న ఆ మనిషే అసలు ప్రమాదమన్న సంగతి కథ చివరకు గాని తెలియదు. నిజమైన డాక్టరును జైపూర్ సమీపంలోని నాహర్‌గఢ్ కోట దగ్గర కొండమీద నుంచి తోసివేసి, అమియనాథ్ బర్మన్ అనే మోసగాడు ఆయన పేరు ధరించాడు. అనుచరుడు మందార్ బోస్ ప్రపంచ యాత్రికుని వేషంలో పక్కనే ఉంటాడు.

తిరిగి ఆలోచిస్తే రచయిత మనలను మోసగించలేదని తెలుస్తుంది. మనమే ఒక పేరును చూసి, పేరు ముందున్న 'డాక్టర్' అన్న మాటను చూసి, మారు ప్రశ్న వేయకుండా నమ్మాము. వసతి గృహపు పట్టికలో రాసిన ఒక పేరు వర్ణక్రమాన్ని కూడా ఫెలూదా వదలడు. మనం వదిలేస్తాము. నవల పెట్టే పరీక్ష అదే.

చిత్రంలో మార్పు

చిత్రంలో రే ఈ రహస్యాన్ని దాచలేదు. రైలులో ఇద్దరు దుండగులు డాక్టరుతో స్నేహం కలపడం, ఆ తరువాత నాహర్‌గఢ్‌లో ఆయనను తోసివేయడం మన కళ్లముందే జరుగుతాయి. ఫెలూదా రాజస్థాన్ చేరకముందే అసలు దొంగ ఎవరో ప్రేక్షకునికి తెలిసిపోతుంది. నవల చదివి చిత్రానికి వెళ్లిన ఆనాటి బాలలు "అయ్యో, చెప్పేశారే!" అనుకుని ఉంటే తప్పు పట్టలేము.

కానీ నష్టమెంతో, లాభమెంతో చూద్దాం. ఇప్పుడు జోధ్‌పూర్‌లో ఫెలూదా ఆ కపట వైద్యునికి నమస్కరించినప్పుడు మనకు గుండె దడ మొదలవుతుంది. ముకుల్ ఆ మనిషి పక్కన కూర్చుని బొమ్మలు గీస్తూ ఉంటే, ఆ చిన్న చేతిని లాగి తెచ్చుకోవాలనిపిస్తుంది. సంభాషణ ఎంత సాధారణంగా ఉంటే ఆందోళన అంత పెరుగుతుంది. బల్ల కింది బాంబు మనకు కనిపిస్తున్నది, బల్ల దగ్గరివారికి కనిపించడం లేదు. "దొంగ ఎవరు?" అన్న ప్రశ్న తొలగి, "వీరికి ఎప్పుడు తెలుస్తుంది? అంతవరకు పిల్లవాడు క్షేమంగా ఉంటాడా?" అన్న ప్రశ్న ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఒకసారి తెలిస్తే చాలు, చిత్రాన్ని రెండవసారి చూడవలసిన పని ఉండదు. రెండవ ప్రశ్న అలా కాదు. ముగింపు తెలిసినా పిల్లవాని కోసం బెంగ పడుతూనే ఉంటాము. యాభై ఏళ్లు దాటినా బెంగాలీ కుటుంబాలు ఈ చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడడానికి కారణం ఇందులోనే ఉంది.

చిత్రంలో పోయినదీ లేకపోలేదు. ప్రేక్షకునికి ముందే తెలిసిన విషయాన్ని ఫెలూదా కష్టపడి కనుగొనడం చూసినప్పుడు, అతని మేధస్సు నవలలో మెరిసినంతగా మెరవదు. ఆ లోటును రే ఇతరత్రా పూడ్చారు. సౌమిత్ర ఛటర్జీ నటనలోని హుందాతనం, ఎడారిలో ఒంటెల ప్రయాణం, రాత్రివేళ చిన్న రైల్వేస్టేషనులో రాజస్థానీ జానపద గాయకుల పాట, ఉదయపు ఎండలో మెరిసే జైసల్మేర్ కోట అక్షరాలకు అందని సంపదలు. పసుపు ఇసుకరాతితో 12వ శతాబ్దంలో నిర్మించిన ఆ కోట ఎండ తగిలినప్పుడు నిజంగానే బంగారంలా కనిపిస్తుంది. 'బంగారు కోట' అన్న పిల్లవాని మాటలోని చిక్కుముడి నవలలో ఊహకు వదిలేసిన విషయం, చిత్రంలో ఒక్క దృశ్యంతో విడిపోతుంది.

ముకుల్‌గా నటించిన కుశల్ చక్రవర్తికి ఉత్తమ బాలనటునిగా, రేకు ఉత్తమ దర్శకునిగా జాతీయ పురస్కారాలు లభించాయి. మన పాఠకులకు ఆసక్తి కలిగించే మరొక విశేషం. ఫెలూదాకు కావలసిన పాత వార్తలన్నీ జ్ఞాపకం నుంచి, పత్రికల కత్తిరింపుల నుంచి తీసి చెప్పే సిధూ జ్యాఠా, అంటే సిధూ పెదనాన్న, పాత్రను ధరించినవారు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ. ఆయన 1898లో హైదరాబాదులో జన్మించారు. సరోజినీ నాయుడికి సోదరుడు.

చిత్రం నుంచి నవలలోకి

సాధారణంగా నవల చిత్రాన్ని ప్రభావితం చేస్తుంది. ఇక్కడ చిత్రం తిరిగి నవలలను ప్రభావితం చేసింది. జటాయు పాత్రలో సంతోష్ దత్తా ఎంతగా ఒదిగిపోయారంటే, ఆ తరువాతి ఫెలూదా కథలకు రే స్వయంగా గీసిన బొమ్మలలో జటాయు ముఖం సంతోష్ దత్తా ముఖంగా మారిపోయింది. 1988లో ఆ నటుడు మరణించిన తరువాత రే మరి ఫెలూదా చిత్రం తీయలేదు. 1979 నాటి 'జయ్ బాబా ఫేలూనాథ్' చిత్రంలో ప్రతినాయకుడు మగన్‌లాల్ మేఘ్‌రాజ్‌ను దాచే ప్రయత్నమే లేదు. మూల నవలలోనే అతడు బాహాటంగా ఫెలూదా ఎదుట కూర్చుని బెదిరిస్తాడు.

ఈ వ్యాసకర్త 1990వ దశకంలో ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చిన తరువాత మొదట చిత్రాన్ని చూసి, కొన్నేళ్లకు బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుంటూ నవలను చదవడం తటస్థించింది. అంటే రహస్యం తెలిసిన తరువాతనే రహస్య నవల చదవడం జరిగింది. రుచి తగ్గుతుందేమోననుకుంటే అలా కాలేదు. కపట వైద్యుడు ప్రవేశించిన ప్రతి చోటా, తోప్సే ఎక్కడ మోసపోతున్నాడో, రచయిత ఏ మాటను ఎంత జాగ్రత్తగా వాడాడో కనిపించసాగింది. కట్టిన ఇల్లును చూసిన తరువాత దాని నక్షాను చేతిలోకి తీసుకున్నట్లయింది.

సత్యాన్వేషి గూఢచారి అయినప్పుడు

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెప్పుకుంటే ఈ చర్చ పూర్తవుతుంది. శరదిందు తొలి కథలలో ఒకటైన 'సత్యాన్వేషి'లో బ్యోమకేశ్ మారుపేరుతో ఒక మెస్సులో దిగి, అక్కడే నివసించే హోమియో వైద్యుడు అనుకూల్ బాబు చీకటి వ్యాపారాన్ని బయటపెడతాడు. ఒక ఇల్లు, కొద్దిమంది మనుషులు, ఒక మర్యాదస్థుని ముసుగు మాత్రమే కథావస్తువు. 2015లో దిబాకర్ బెనర్జీ హిందీలో తీసిన 'డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షీ' ఈ బీజాన్ని రెండవ ప్రపంచ యుద్ధకాలపు కలకత్తాలో నాటింది. 1942 డిసెంబరులో జపాను విమానాలు ఈ నగరంపై బాంబులు వేసిన చరిత్ర మనకు తెలిసినదే. ఆ భయం నేపథ్యంగా మెస్సులోని వైద్యుడు అంతర్జాతీయ కుట్రకు సూత్రధారి అవుతాడు. అపరాధ పరిశోధన గూఢచారి కథగా మారిపోయింది.

ట్రాములు, చీకటి వీధులు, సైరన్ల మోతలతో ఆనాటి నగరం కళ్లకు కట్టడం ఆ చిత్రంలోని గొప్పదనం. అయితే ముప్పు నగరమంతటికీ విస్తరించినప్పుడు, అది మన భోజనాల గదిలోనే కూర్చుని ఉందన్న మూలకథలోని భయం పలుచబడింది. రే ముప్పును పెద్దది చేయలేదు. ముప్పు ఎక్కడుందో మనకు ముందుగా చూపించారు. ఈ రెండు పద్ధతులకూ గల వ్యత్యాసం గమనించదగినది.

చదవవలెనా, చూడవలెనా?

'నవల గొప్పదా, చిత్రం గొప్పదా?' అన్న ప్రశ్నకు బదులు 'ఏది ఏమి నేర్పుతుంది?' అని అడగడం సబబు. 'సోనార్ కెల్లా' నవల మనకు సందేహించడం నేర్పుతుంది. పేరును, బిరుదును, మృదుభాషణను చూసి తొందరపడి నమ్మరాదని చెబుతుంది. చిత్రం మనకు ఒక పిల్లవాని కోసం ఆరాటపడడం నేర్పుతుంది. మొదటిది బుద్ధికి, రెండవది హృదయానికి పదును పెడుతుంది. పిల్లల పెంపకంలో రెండూ అవసరమే.

ఈ మాట ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలోని పిల్లలు బెంగాలీ చక్కగా మాట్లాడగలరు, సినిమా చూసి అర్థం చేసుకోగలరు. పుస్తకం మాత్రం వారి చేతికి అందడం లేదు. చూడడంతో సరిపెట్టుకుంటే ఈ నగరం వారికి సగమే దక్కుతుంది. తెలియని మనుషులు తెలిసిన పేర్లతో ఫోనులలో పలకరించి పెద్దవారిని సైతం బురిడీ కొట్టిస్తున్న ఈ రోజులలో, 'ఈ మనిషి నిజంగా తాను చెప్పుకుంటున్న మనిషేనా?' అని తమను తాము ప్రశ్నించుకునే అలవాటు పిల్లలకు కథల ద్వారా అబ్బితే అంతకంటే మేలేముంటుంది? బెంగాలీ చదవడం రానివారికి గోపా మజుందార్ చేసిన ఆంగ్లానువాదాలు లభిస్తున్నాయి. వచ్చినవారికి కాలేజీ స్ట్రీట్ ఎంతో దూరం లేదు.

రానున్న పూజా సెలవులలో ఇంటిల్లిపాదీ ఈ పని చేసి చూడవచ్చు. ముందుగా ఒకరు నవలను బిగ్గరగా చదవాలి, మిగిలినవారు వినాలి. డాక్టర్ హాజ్రా ప్రవేశించిన చోట పుస్తకం మూసి, "ఈయనను నమ్మవచ్చునా?" అని పిల్లలను అడగాలి. వారు చెప్పిన జవాబులను ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, పుస్తకం పూర్తయిన తరువాత చిత్రం చూడాలి. ఏ కారణంతో ఎవరు ఎవరిని నమ్మారో ఆ కాగితం చెబుతుంది. ఆనాటి భోజనాల వేళ సంభాషణకు మరొక విషయం వెతుక్కోవలసిన అవసరం ఉండదు.